కెర్నల్ సెక్యూరిటీ కోడ్‌లో అలొకేషన్ ప్యాచ్‌లు: "బిహేవియర్ మారదు" అన్నప్పుడు రివ్యూలో ఏం చూడాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. మీ టీమ్ చూసుకునే ఎల్ఎస్ఎం మాడ్యూల్‌కి (లినక్స్ కెర్నల్‌లో అనుమతులు తేల్చే సెక్యూరిటీ మాడ్యూల్) 14 ప్యాచ్‌ల సిరీస్ వచ్చింది. కొన్ని కేమాలక్‌ని (కెర్నల్‌లో మెమరీ అడిగే కాల్) కేజాలక్‌గా (సున్నాలతో నింపి ఇచ్చేది), కొన్ని కేమాలక్-అర్రేగా (సంఖ్యని సైజ్‌తో గుణించి అడిగేది) మారుస్తున్నాయి. రెండు చోట్ల జీఎఫ్‌పీ-అటామిక్ ఫ్లాగ్ (నిద్రపోకుండా, అంటే ఆగి వేచి ఉండకుండా మెమరీ అడిగేది) తీసి జీఎఫ్‌పీ-కెర్నల్ (అవసరమైతే నిద్రపోయేది) పెట్టారు. "మెమరీ దొరకలేదు" అని ప్రింట్ చేసే లైన్లు తీసేశారు. ఒక స్టాక్ బఫర్‌ని హీప్‌లోకి, అంటే విడిగా అడిగి తీసుకునే మెమరీలోకి తెచ్చారు. కవర్ లెటర్‌లో "క్లీనప్ మాత్రమే, బిహేవియర్ మారదు" అని రాశారు. డిఫ్ ఎన్నిసార్లు చదివినా మీకు తప్పు కనబడలేదు. అలాగని ఓకే చెప్పడానికీ మనసొప్పడం లేదు.

మనసొప్పకపోవడం సరైనదే. సూటిగా చెప్తాను: కొత్త కాల్ సరిగ్గా ఉందా అన్నది చిన్న ప్రశ్న. పాత కాల్ మిగతా కోడ్‌కి ఏ హామీలు ఇచ్చింది, వాటిలో ఏది ఈ ప్యాచ్‌తో పోతోంది అన్నదే అసలు రివ్యూ. ఒక అలొకేషన్ అంటే కొన్ని బైట్లు తెచ్చుకోవడం ఒక్కటే కాదు. ఎన్ని బైట్లు ఉంటాయి, లోపల సున్నాలు ఉంటాయా చెత్త ఉంటుందా, తెచ్చేటప్పుడు నిద్రపోవచ్చా, దొరక్కపోతే ఏం జరుగుతుంది, చివర్లో ఎవరు ఏ ఫంక్షన్‌తో ఫ్రీ చేస్తారు అనేవన్నీ అందులో ఉన్నాయి. ప్రతి ప్యాచ్‌కీ ఈ హామీల్లో ఏది కదులుతోందో ఒక లైన్ రాసుకోండి. తర్వాత ఆ హామీని నమ్ముకున్న కోడ్ ఎక్కడుందో వెతకండి. చాలాసార్లు అది డిఫ్‌లో ఉండదు, ఆ ఫైల్‌లోనే ఉండదు. అందుకే డిఫ్ ఎన్నిసార్లు చదివినా మీకేమీ కనబడలేదు.

ఇలా ఎందుకు అంటున్నానో 2016లో బయటపడ్డ ఒక లోపంతో చూపిస్తాను. సెక్యూరిటీ కోడ్ రివ్యూలోకి కొత్తగా వచ్చే ప్రతి ఒక్కరి చేతా నేను ముందు చదివించేది దీన్నే. భద్రతా లోపాలకు ఇచ్చే సీవీఈ నంబర్లలో దానిది సీవీఈ-2016-6187, లోపం బయటపడింది యాప్ఆర్మర్ అనే ఎల్ఎస్ఎం మాడ్యూల్‌లో.

ప్రాసెస్‌ల వివరాలు చూపించే ప్రాక్ ఫైల్‌సిస్టమ్‌లో ప్రతి ప్రాసెస్‌కీ ఆట్ర్ అనే డైరెక్టరీ ఉంటుంది. అందులోని ఫైళ్లలోకి రాస్తే ఆ రాత ఎల్ఎస్ఎం హుక్‌కి, అంటే కెర్నల్ మాడ్యూల్‌లో పిలిచే ఫంక్షన్‌కి చేరుతుంది. పూర్వం ఆ రాసే ఫంక్షన్ ఒక పూర్తి పేజీ తీసుకుని, యూజర్ ఇచ్చిన డేటాని అందులోకి కాపీ చేసి, హుక్‌ని పిలిచేది. యూజర్ 10 బైట్లు ఇచ్చినా వెనక ఉన్నది పూర్తి పేజీయే. యాప్ఆర్మర్ ఆ డేటాని స్ట్రింగ్‌లా వాడుకుంటుంది కాబట్టి చివర నల్ బైట్ ఉండాలి. లేకపోతే, సైజ్ సరిగ్గా పేజీ అంత కానంతవరకు, డేటా అయిపోయిన వెంటనే వచ్చే స్థానంలో తనే ఒక సున్నా రాసేది. పేజీలో చోటు ఉంది కాబట్టి అందులో తప్పేమీ లేదు.

తర్వాత ప్రాక్ వైపు కోడ్‌ని శుభ్రం చేశారు. పేజీ తీసుకోవడం, కాపీ చేయడం, ఎర్రర్ చూడటం అన్నీ పోయి వాటి స్థానంలో మెమ్‌డప్-యూజర్ అనే ఒక్క కాల్ వచ్చింది. కోడ్ చిన్నదైంది, చదవడానికి బాగుంది. కానీ మెమ్‌డప్-యూజర్ యూజర్ ఇచ్చినన్ని బైట్లే తీసుకుంటుంది. యూజర్ నల్ లేకుండా సరిగ్గా 128 బైట్లు రాశాడనుకోండి, బఫర్ 128 బైట్ల స్లాబ్ ఆబ్జెక్ట్‌లో (కెర్నల్ ఇచ్చే స్థిర సైజ్ మెమరీ ముక్క) అంచు వరకూ నిండిపోతుంది. యాప్ఆర్మర్ పాత అలవాటు ప్రకారం 128వ స్థానంలో సున్నా రాస్తుంది. ఆ స్థానం పక్క ఆబ్జెక్ట్‌లోని మొదటి బైట్. అక్కడ పాయింటర్ ఉంటే లిటిల్ ఎండియన్ మెషిన్‌లో దాని అన్నిటికంటే తక్కువ విలువ బైట్ సున్నా అవుతుంది, పాయింటర్ ఇంకెక్కడికో చూపిస్తుంది. పొరపాటు ఒక్క బైటే అయినా లోకల్ యూజర్ తన అధికారాలు పెంచుకోవడానికి అది చాలింది. 4.6.5 కంటే ముందు కెర్నళ్లలో ఉన్న ఈ లోపాన్ని సరిచేసినప్పుడు యాప్ఆర్మర్ ఇక ఎవరి హామీ మీదా ఆధారపడలేదు. నల్ లేకపోతే తనే ఒక బైట్ ఎక్కువతో కాపీ చేసుకుని, దానికి నల్ పెట్టుకుంది.

ఇందులో మీరు గమనించాల్సినవి రెండు. అలొకేషన్ మారింది సెక్యూరిటీ కోడ్‌లో కాదు, దాన్ని పిలిచే కోడ్‌లో. పైగా యాప్ఆర్మర్ ఫంక్షన్‌లో "ఇది పేజీ సైజ్ బఫర్" అని కామెంట్ స్పష్టంగానే ఉంది. హామీ రాసి పెట్టి ఉన్నా, అది రాసిన ఫైల్‌ని ఆ ప్యాచ్ తాకలేదు కాబట్టి రివ్యూలో ఎవరి కంటా పడలేదు. అందుకే బఫర్ సైజ్ మారే ప్రతి ప్యాచ్‌లో నేను ఆ పాయింటర్ చేరే ప్రతి ఫంక్షన్‌నీ తెరిచి చూస్తాను, హుక్ అయితే దాన్ని అమలు చేసే అన్ని మాడ్యూళ్లనూ. తీగ లాగితే డొంకంతా కదులుతుంది, రెండు గంటలు పడుతుంది. ఆ రెండు గంటలు పెట్టే తీరిక లేకపోతే ఆ ప్యాచ్‌కి ఓకే చెప్పను, ఆ మాట రాతపూర్వకంగా చెప్తాను.

ఇప్పుడు మీ సిరీస్‌కి వద్దాం. అన్నిటికంటే ముందు స్టాక్ బఫర్‌ని హీప్‌లోకి తెచ్చిన ఆ ఒక్క ప్యాచ్ తీయండి. 14లో నాకు ఎక్కువ భయం దాని గురించే. స్టాక్ బఫర్ ఎప్పుడూ విఫలం కాదు. హీప్ బఫర్ కాగలదు. అంటే ఇంతవరకు లేని ఒక ఎర్రర్ దారి కొత్తగా పుట్టింది. సెక్యూరిటీ హుక్‌లో ఎర్రర్ దారి తప్పితే ప్రోగ్రామ్ క్రాష్ కాదు, తలుపు తెరుచుకుంటుంది.

నా చేతుల్లోకి వచ్చిన కేసు ఒకటి చెప్తాను. ఒక సంస్థ సొంతానికి రాసుకున్న మాడ్యూల్ అది. ఫంక్షన్ మొదట్లో ఫైల్ లేబుల్ వెతికే కాల్ ఉంది, దాని ఫలితం ఆర్‌సీ అనే వేరియబుల్‌లో పడుతుంది. లేబుల్ దొరికితే ఆర్‌సీ సున్నా. తర్వాత స్టాక్ మీదున్న బఫర్‌లో పాత్ పేరు పేర్చి, పాలసీతో పోల్చి, కుదరకపోతే ఆర్‌సీలో ఈయాక్సెస్ (అనుమతి లేదు అనే ఎర్రర్) పెట్టి వెనక్కి వస్తుంది. స్టాక్ వాడకం తగ్గిద్దామని ఆ బఫర్‌ని కేమాలక్ చేశారు. నల్ వస్తే గోటూ ఔట్ అన్నారు. ఔట్ దగ్గర కేఫ్రీ, ఆ కింద రిటర్న్ ఆర్‌సీ. చూడటానికి పద్ధతిగానే ఉంది. కానీ ఆ క్షణంలో ఆర్‌సీలో ఉన్నది లేబుల్ వెతికినప్పటి సున్నా. ఎల్ఎస్ఎం హుక్ సున్నా ఇస్తే అర్థం "అనుమతి ఉంది" అని. మెమరీ దొరకని పక్షంలో పాలసీతో పోల్చడమే జరగదు, ఫైల్ తెరుచుకుంటుంది. నేను దాన్ని చదివి పట్టుకోలేదు, ఫెయిల్‌స్లాబ్‌తో అలొకేషన్‌ని బలవంతంగా విఫలం చేస్తే బయటపడింది. అప్పటినుంచి గోటూ కనబడిన ప్రతిచోటా "ఈ లైన్‌కి వచ్చేసరికి ఆర్‌సీ విలువ ఎంత?" అని పెన్సిల్‌తో పక్కన రాస్తాను. గోటూకి ముందు లైన్‌లోనే మైనస్ ఈనోమెమ్ (మెమరీ లేదు అనే ఎర్రర్) పెట్టించడం ఉత్తమం. ఎక్కడో పైన ఒకసారి పెట్టి వదిలేస్తే, మధ్యలో ఎవరైనా ఒక కాల్ చేర్చిన రోజు అది చెరిగిపోతుంది.

"చిన్న అలొకేషన్లు విఫలం కావు కదా" అని మీతో ఎవరైనా అంటారు. అందులో కొంత నిజముంది. జీఎఫ్‌పీ-కెర్నల్‌తో 8 పేజీల వరకు, అంటే 4 కేబీ పేజీలైతే 32 కేబీ వరకు అడిగితే, కెర్నల్ వీలైనంత వరకు లేదనదు. రీక్లెయిమ్ చేస్తుంది (వాడిన మెమరీలో కొంత ఖాళీ చేయించుకుంటుంది), అవసరమైతే ప్రాసెస్‌ని చంపి మెమరీ తెచ్చే ఓఓఎం కిల్లర్‌ని పిలుస్తుంది. అది అమలులో ఉన్న పద్ధతి మాత్రమే, కాంట్రాక్ట్ కాదు. అటామిక్ అడిగితే విఫలం కావడం మామూలే. సైజ్ యూజర్ చేతిలో ఉంటే 32 కేబీ దాటించడమూ అతని చేతిలో పనే. పైగా మామూలు టెస్టుల్లో ఈ దారులు ఎప్పుడూ నడవవు కాబట్టి ఇక్కడి తప్పులు ఏళ్ల తరబడి అలాగే పడి ఉంటాయి.

అన్ని చోట్లా విఫలమైతే నిరాకరించాలనీ కాదు. ఎస్ఈలినక్స్ అనే మరో ఎల్ఎస్ఎం మాడ్యూల్‌లో యాక్సెస్ నిర్ణయాలను దాచుకునే ఏవీసీ అనే క్యాష్ ఉంది. అందులో నోడ్‌కి మెమరీ దొరక్కపోతే నిర్ణయం క్యాష్‌లోకి ఎక్కదు, అంతే. లెక్కగట్టిన నిర్ణయం మాత్రం అలాగే అమలవుతుంది. మళ్లీ అదే ప్రశ్న వస్తే మళ్లీ లెక్క కడుతుంది. వేగం తగ్గుతుంది గానీ భద్రత తగ్గదు. అందుకే అక్కడ నోవెయిట్ ఫ్లాగ్ (ఆగకుండా అడిగేది) వాడతారు, రిజర్వ్ మెమరీ జోలికి పోరు. ఆడిట్ రికార్డ్ విషయంలో మరో తీరు: మెమరీ దొరక్క రికార్డ్ పోతే ఊరుకోవాలా, లాగ్‌లో రాయాలా, పానిక్ కావాలా అన్నది 0, 1, 2 అనే సెట్టింగ్‌గా అడ్మిన్‌కే వదిలేశారు. ప్యాచ్ రాసినవాళ్లను మీరు అడగాల్సింది "ఇక్కడ మెమరీ దొరక్కపోతే సిస్టమ్ ఏం చేయాలి, ఎందుకు?" అని. జవాబు ఒక వాక్యంలో రాకపోతే వాళ్లు ఆ దారి గురించి ఆలోచించలేదని అర్థం.

ఇక అటామిక్‌ని కెర్నల్ ఫ్లాగ్‌గా మార్చిన రెండు ప్యాచ్‌లు. ఉద్దేశం మంచిదే, అటామిక్‌ని ఎక్కడపడితే అక్కడ వాడితే అత్యవసరానికి దాచిన మెమరీ కరిగిపోతుంది. కానీ ఎల్ఎస్ఎం హుక్‌లను ఎవరు ఏ పరిస్థితిలో పిలుస్తారో హుక్ లోపల నుంచి కనబడదు. పాత్ లుకప్ ఆర్‌సీయూ నడకలో (తాళాలు పట్టకుండా చదివే పద్ధతి) ఉన్నప్పుడు పర్మిషన్ హుక్ వస్తుంది, అక్కడ నిద్రపోకూడదు. ప్యాకెట్ అందుకునేటప్పుడు సాఫ్ట్ ఇంటరప్ట్‌లో సాకెట్ హుక్‌లు వస్తాయి, అక్కడా నిద్రపోకూడదు. కాబట్టి ఆ రెండు ఫంక్షన్లను పిలిచేవాళ్లు, వాళ్లను పిలిచేవాళ్లు, ఇలా పైదాకా వెళ్లి ప్రతి దారిలో ఏ తాళం (లాక్) పట్టుకుని ఉన్నారో చూడాలి. పది దారుల్లో తొమ్మిది సరిపోయినా పదోది మిమ్మల్ని ముంచుతుంది.

ఈ తప్పుది ఒక మోసకారి స్వభావం. తాళం పట్టుకుని జీఎఫ్‌పీ-కెర్నల్ అడిగినంత మాత్రాన ఏమీ జరగదు. ఖాళీ మెమరీ ఉంటే నిద్రపోకుండానే ఇచ్చేస్తుంది. మెమరీ బిగిసి రీక్లెయిమ్‌కి వెళ్లిన రోజే నిద్రపోతుంది, ఆ రోజే మెషిన్ బిగుసుకుపోతుంది. నేను చూసిన ఒకదాంట్లో ప్యాచ్ చేరిన చాలా నెలల తర్వాత లోడ్ ఎక్కువున్న సర్వర్ల మీదే సమస్య వచ్చింది. టెస్ట్ కెర్నల్‌లో డీబగ్-అటామిక్-స్లీప్ ఆన్ చేసి ఉంటే మొదటి రోజే దొరికేది. అది ఆన్‌లో ఉంటే మెమరీ ఎంత ఖాళీగా ఉన్నా, నిద్రపోకూడని చోట అడిగిన వెంటనే కెర్నల్ హెచ్చరిక రాస్తుంది. ఈ కాన్ఫిగ్‌తో ఆ దారులన్నీ నడిపిన లాగ్ చూపించమని రచయితను అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు.

నిద్రపోవచ్చు అని తేలినా పని అయిపోలేదు. రీక్లెయిమ్ ఫైల్‌సిస్టమ్‌లోకి తిరిగి వెళ్లగలదు. మీ హుక్‌ని ఫైల్‌సిస్టమ్ తన తాళాలు పట్టుకుని పిలుస్తుంటే డెడ్‌లాక్ కావచ్చు. ఎస్ఈలినక్స్ ఐనోడ్ లేబుల్‌ని ఎక్స్‌టెండెడ్ ఆట్రిబ్యూట్ నుంచి చదివే చోట చూడండి: బఫర్‌ని నోఎఫ్ఎస్ ఫ్లాగ్‌తో (రీక్లెయిమ్‌ని ఫైల్‌సిస్టమ్‌లోకి వెళ్లనివ్వనిది), పొడవుకి ఒక బైట్ కలిపి అడుగుతారు, వెంటనే ఆ చివరి బైట్‌లో నల్ రాస్తారు. ఆ ఒక్క లైన్‌లో రెండు హామీలున్నాయి. ఎవరైనా "నోఎఫ్ఎస్ ఎందుకు, కెర్నల్ ఫ్లాగ్ చాలదా" అనో, "ప్లస్ ఒకటి ఎందుకు" అనో చక్కబెట్టబోతే రెంటిలో ఒకటి పోతుంది.

కేమాలక్ నుంచి కేజాలక్‌కి మారడం దాదాపు ఎప్పుడూ సురక్షితమే, వాటిని త్వరగా దాటేయండి. ఒక్కటి చూడండి: సున్నాతో నింపడం వల్ల "ఇనిషియలైజ్ చేయడం మర్చిపోయారు" అనే తప్పు దాక్కోవచ్చు. సున్నా ఆ ఫీల్డ్‌కి సురక్షితమైన విలువేనా? ఎస్ఈలినక్స్‌లో సున్నా సిడ్ (సెక్యూరిటీ లేబుల్‌కి ఇచ్చే నంబర్) అంటే "ఏదీ కాదు", 1 అంటే కెర్నల్ సొంత సిడ్. అలా ఎంచుకున్నారు కాబట్టి సున్నాగా మిగిలిపోయిన ఫీల్డ్‌కి అధికారం రాదు. మీ మాడ్యూల్‌లో సున్నా అంటే "పరిమితి లేదు" అని అర్థమైతే కథ మారిపోతుంది.

ఉల్టా దిశలో, అంటే వేగం కోసమని కేజాలక్ తీసి కేమాలక్ పెట్టే ప్యాచ్ వస్తే ఆగండి. స్ట్రక్ట్‌లో అన్ని ఫీల్డులూ నింపినా మధ్యలో ప్యాడింగ్ బైట్లు మిగులుతాయి. 4 బైట్ల ఫీల్డ్ పక్కన 8 బైట్ల ఫీల్డ్ ఉంటే మధ్యలో 4 బైట్లు ఎవరూ రాయరు. ఆ స్ట్రక్ట్ మొత్తంగా యూజర్‌కి కాపీ అయితే ఆ 4 బైట్లలో ఇంతకుముందు ఆ చోట ఉన్నదేదో బయటికి వెళ్తుంది, అది కెర్నల్ పాయింటర్ కావచ్చు. 5.3 నుంచి అలొకేషన్ సమయంలోనే సున్నా చేసే బూట్ ఆప్షన్ ఉంది గానీ, అది అందరి దగ్గరా ఆన్‌లో ఉంటుందనుకుని ప్యాచ్ ఒప్పుకోకూడదు.

కేమాలక్-అర్రే మార్పులు మంచివి. సంఖ్యని సైజ్‌తో గుణించినప్పుడు పొంగిపొర్లితే అది నల్ ఇస్తుంది. గుణకారం కాల్ బయటే జరిగిపోయి, ఫలితాన్ని లోపలికి పంపుతున్నారా అన్నది మాత్రం చూడండి, అలాగైతే రక్షణ లేనట్టే. హెడర్, దాని వెనక అర్రే ఉంటే రెండిటి సైజ్ కలిపి లెక్కగట్టే స్ట్రక్ట్-సైజ్ వాడించండి. ఇదే ప్యాచ్‌లో సైజాఫ్ వాడకాన్ని కూడా మార్చి ఉంటారు, టైప్ పేరు తీసి పాయింటర్ ముందు నక్షత్రం పెట్టి. అక్కడ రెండు గోతులు. నక్షత్రం మర్చిపోతే 64 బిట్ మెషిన్‌లో 8 బైట్లే వస్తాయి. రెండోది కనబడని గొయ్యి: పాయింటర్ చిన్న హెడర్ టైప్‌ది, అలొకేట్ చేసింది దాన్ని మొదటి ఫీల్డ్‌గా పెట్టుకున్న పెద్ద టైప్. సైజాఫ్‌ని యాంత్రికంగా మారిస్తే అలొకేషన్ నిశ్శబ్దంగా కుంచించుకుపోతుంది, కంపైలర్ ఏమీ అనదు.

లెక్కల గురించి అంటున్నాను కాబట్టి సీవీఈ-2022-0185 కూడా చెప్పాలి. ఫైల్‌సిస్టమ్ మౌంట్ ఆప్షన్లను ఒక పేజీ బఫర్‌లో ఒకదాని వెనక ఒకటి చేర్చే కోడ్ అది. కొత్త ఆప్షన్ పొడవు "పేజీ సైజ్ మైనస్ 2 మైనస్ ఇప్పటిదాకా నిండింది" కంటే ఎక్కువైతే ఎర్రర్ ఇవ్వాలని చెక్ పెట్టారు. బడిలో నేర్చుకున్న లెక్క ప్రకారం సరైనదే. కానీ ఆ విలువలు అన్‌సైన్డ్. నిండింది 4095 అయితే 4096 లోంచి 2, మళ్లీ 4095 తీస్తే మైనస్ 1 రావాలి, అన్‌సైన్డ్‌లో అది అతిపెద్ద సంఖ్య అవుతుంది. ఇక ఏ పొడవైనా చెక్ దాటేస్తుంది. సరిచేసినప్పుడు తీసివేతని కూడికగా మార్చారు: నిండింది, పొడవు, 2 కలిపి పేజీ సైజ్ దాటుతుందా అని. అప్పటినుంచి సైజ్ చెక్‌లో తీసివేత కనబడితే దాన్ని కూడికగా తిరగరాయమని అడుగుతాను, ఆ ఒక్క కేసులో అది తప్పు కాకపోయినా.

ఫ్రీ చేసే వైపు సంగతి. డిఫ్‌లో అలొకేషన్ ఒకటే కనబడుతుంది, దాని జంట ఎక్కడో ఉంటుంది. కేవీమాలక్‌గా (చిన్న సైజులకు కేమాలక్, పెద్ద సైజులకు వీమాలక్ వాడేది) మారిస్తే ప్రతి కేఫ్రీ కేవీఫ్రీ కావాలి, ఎర్రర్ దారుల్లోవి కూడా. స్పిన్‌లాక్ కింద ఫ్రీ చేస్తున్నారా అన్నది మళ్లీ చూడాలి, ఎందుకంటే ఆ మెమరీ వీమాలక్ నుంచి వచ్చినదైతే ఫ్రీ చేయడం కూడా నిద్రపోవచ్చు. ఆ బఫర్ క్రిప్టో ఏపీఐకి స్కాటర్‌లిస్ట్‌లో (మెమరీ ముక్కల జాబితా) వెళ్తుంటే ఇంకో చిక్కు: వీమాలక్ మెమరీని అలా సూటిగా ఇవ్వకూడదు. చిన్న సైజుల్లో కేమాలక్ నుంచే వస్తుంది కాబట్టి టెస్టులన్నీ పాసవుతాయి, పెద్ద సైజ్ వచ్చిన రోజు విరుగుతుంది.

పాలసీ లోడ్ చేసే కోడ్‌లో నాకు పదేపదే కనబడే తప్పు వేరు. ఫైల్‌లోంచి ఎంట్రీల సంఖ్య చదివి ముందు స్ట్రక్ట్‌లో రాసేస్తారు, తర్వాత అర్రే అలొకేట్ చేస్తారు. అర్రే దొరక్కపోతే డిస్ట్రాయ్ ఫంక్షన్ ఆ సంఖ్యని నమ్మి, లేని అర్రే మీద లూప్ తిప్పుతుంది. దాని కవల తప్పు: ఎర్రర్ దారిలో ఫ్రీ చేసి పాయింటర్‌ని నల్ చేయకుండా వదలడం. డిస్ట్రాయ్ వచ్చి రెండోసారి ఫ్రీ చేస్తుంది. కాబట్టి అలొకేషన్ కదిలిన ప్రతి ఫంక్షన్‌కీ, సగంలో ఆగిపోయిన స్ట్రక్ట్ డిస్ట్రాయ్‌కి చేరితే ఏమవుతుందో లైన్ లైన్‌గా నడిచి చూడండి.

ఆబ్జెక్ట్‌ని ఎందరు వాడుతున్నారో లెక్కపెట్టే రిఫరెన్స్ కౌంట్ కూడా ఇందులో భాగమే. కీ సబ్‌సిస్టమ్‌లో సీవీఈ-2016-0728 అలాంటిదే. ఇప్పటికే ఉన్న సెషన్ కీరింగ్‌లోనే మళ్లీ చేరమని అడిగితే ఆ దారిలో తీసుకున్న రిఫరెన్స్‌ని వదలడం మర్చిపోయారు. కౌంటర్ 32 బిట్లది. అదే కాల్‌ని తిప్పి తిప్పి చేస్తే అది చుట్టి వచ్చి సున్నా అవుతుంది, వాడుకలో ఉన్న కీ ఫ్రీ అయిపోతుంది. 3.8 నుంచి 2016 జనవరి దాకా ఎవరూ చూడని ఆ లోపాన్ని సరిచేయడానికి ఆ దారిలో రిఫరెన్స్‌ని వదిలే ఒక్క పుట్ కాల్ చాలింది.

రహస్యాలు ఉండే బఫర్లు మీ మాడ్యూల్‌లో ఉంటే, చెరిపేసి ఫ్రీ చేసే కేఫ్రీ-సెన్సిటివ్ తప్పనిసరి. 5.9కి ముందు దాని పేరు కేజెడ్‌ఫ్రీ. ఫ్రీ చేసే ముందు మెమ్‌సెట్ పెట్టాం కదా అంటే చాలదు, ఆ తర్వాత ఎవరూ చదవని రాత కాబట్టి కంపైలర్ దాన్ని తీసేయగలదు. రీఅలొక్ మీద కూడా కన్నేయండి. బఫర్ పెరిగి కొత్త చోటికి మారితే పాత చోట కీ బైట్లు అలాగే మిగిలిపోతాయి.

"మెమరీ దొరకలేదు" మెసేజ్‌లు తీసేయడం సరే. అలొకేషన్ విఫలమైతే కెర్నల్ తనే స్టాక్ ట్రేస్‌తో సహా చెప్తుంది. ఆ కాల్‌లో నోవార్న్ ఫ్లాగ్ ఉంటే మాత్రం కెర్నల్ మాట్లాడదు, తీసేసిన ఆ లైన్ ఒక్కటే ఆనవాలు. అలాంటి చోట మెసేజ్ ఉంచమనండి.

మీ సిరీస్‌లో ఎకౌంట్ ఫ్లాగ్ (మెమరీని వాడినవాళ్ల లెక్కలో వేసేది) చేర్చిన ప్యాచ్ ఉందో లేదో మీరు చెప్పలేదు. అధికారాలు లేని యూజర్ కోరినన్నిసార్లు చేయించగల అలొకేషన్ అయితే ఆ ఫ్లాగ్ ఉండాలి. ల్యాండ్‌లాక్ అనే ఎల్ఎస్ఎంలో రూల్‌సెట్‌ని మామూలు ప్రోగ్రామ్ కూడా కట్టుకోగలదు కాబట్టి దాన్ని ఎకౌంటెడ్‌గానే అడుగుతారు. కీలకు అయితే విడిగా కోటా ఉంది, మామూలు యూజర్‌కి డిఫాల్ట్‌గా 200 కీలు, 20000 బైట్లు. ఈ ఫ్లాగ్‌కి ఇంకో ప్రభావం ఉంది: 5.14 నుంచి ఎకౌంటెడ్ ఆబ్జెక్టులు వేరే స్లాబ్ క్యాష్‌లోకి వెళ్తాయి. అంటే ఈ ఆబ్జెక్ట్ పక్కన ఏ ఆబ్జెక్టులు కూర్చుంటాయో మారిపోతుంది. పైన చెప్పిన ఒక్క బైట్ లోపం లాంటివి ఎంత ప్రమాదకరం అన్నది ఆ పొరుగుని బట్టే ఉంటుంది కాబట్టి, "బిహేవియర్ మారదు" అన్న మాట ఇక్కడ కూడా పూర్తిగా నిజం కాదు.

టెస్టుల విషయంలో నేను పట్టుబట్టేవి నాలుగు: కేఏశాన్ (చెల్లని మెమరీ వాడకాన్ని పట్టేది), కేమెమ్‌లీక్ (ఫ్రీ చేయని మెమరీని వెతికేది), డీబగ్-అటామిక్-స్లీప్, ఫెయిల్‌స్లాబ్. చివరిదాన్ని యాదృచ్ఛికంగా కాకుండా ఫెయిల్-ఎన్త్‌తో నడపండి. ఒక సిస్టమ్ కాల్‌లో మొదటి అలొకేషన్‌ని విఫలం చేయండి, తర్వాత రెండోదాన్ని, తర్వాత మూడోదాన్ని, అన్నీ అయ్యేదాకా. ప్రతిసారీ రెండు ప్రశ్నలు: క్రాష్ అయిందా? నిరాకరించాల్సిన పనిని అనుమతించిందా? చాలామంది మొదటి ప్రశ్నతో ఆపేస్తారు. నేను చెప్పిన ఆర్‌సీ కేసులో క్రాష్ లేదు, హెచ్చరిక లేదు, కేఏశాన్ మౌనంగా ఉంది. రెండో ప్రశ్న అడిగే స్క్రిప్ట్ ఉంది కాబట్టే దొరికింది. నిషిద్ధమైన ఫైల్‌ని తెరవడానికి ప్రయత్నించి, తెరుచుకుంటే గోల చేసే పది లైన్ల ప్రోగ్రామ్ అది.

మీ 14ని నేనైతే ఇలా విడగొట్టమంటాను. కేజాలక్, కేమాలక్-అర్రే, మెసేజ్ తీసివేతలు పైన చెప్పిన చెక్‌లతో ఈ వారమే తీసుకోవచ్చు. ఫ్లాగ్ మార్చిన రెండింటికీ చేంజ్‌లాగ్‌లో "పిలిచే దారులు ఇవి, వాటిలో పట్టుకున్న తాళాలు ఇవి, అందుకే నిద్రపోవచ్చు" అని రాయించండి. రాయలేకపోతే వెనక్కి పంపండి. స్టాక్ బఫర్ ప్యాచ్‌ని సిరీస్ నుంచి వేరు చేసి, "క్లీనప్" అన్న మాట తీయించి, ఫెయిల్-ఎన్త్ ఫలితంతో విడిగా తెమ్మనండి. క్లీనప్ అని పేరుంటే పాత స్టేబుల్ కెర్నల్‌కి బ్యాక్‌పోర్ట్ చేసేవాళ్లు కూడా పెద్దగా చూడకుండా తీసుకుంటారు. అక్కడ పిలిచే కోడ్ వేరు, తాళాలు వేరు, మీరు ఇక్కడ తనిఖీ చేసినవేవీ అక్కడ వర్తించవు. మీ మాడ్యూల్‌ని పాత బ్రాంచ్‌లలో కూడా ఇస్తుంటే ఆ దారులను ఆ బ్రాంచ్‌లోనే మళ్లీ చూడాలి.

ఆ స్టాక్ బఫర్ ఫంక్షన్‌ని, పేర్లు మార్చైనా సరే, ఇక్కడ పెట్టగలిగితే పెట్టండి. గోటూల దగ్గర ఆర్‌సీ విలువలు కలిసి చూద్దాం.